అరగంట ఆగుతానన్నాను

వాన మొదలైతే నేను ఒకచోట కూర్చోలేను. కుప్పంలో మా అద్దె ఇంటి ముందర రేకుల పంచ ఉంది. దాని మీద మొదటి చినుకుల చప్పుడు వినగానే లేచి నిలబడతాను. ఆదివారాలు మదనపల్లె నుంచి వచ్చే మా ఆయన అన్నం ముందర కూర్చుని, "యాడికి పోతావు? కూసోని తిను" అంటాడు. ఎక్కడికీ పోను. వాకిట్లోకి పోయి మబ్బు ఏ దిక్కున ఉందో చూస్తాను. లోపలికి వచ్చి ఫోన్‌లో వాన సూచన చూస్తాను. మళ్లీ వాకిట్లోకి పోతాను. కంచంలో చారు చల్లారిపోతుంది. నాలుగేళ్లుగా ఇదే వరస.

ఇది పుట్టుకతో వచ్చిన గుణం కాదు. మేము వానకు భయపడే మనుషులం కాదు. మా అమ్మానాన్నలు పెద్దమండ్యం పక్క మెట్టచేలల్లో కూలి చేసినవాళ్లు. ఎండాకాలం ఉపాధి పనికి పోయి చెరువుల్లో పూడిక మట్టి తవ్వేవాళ్లు. చిన్నప్పుడు నాకు తెలిసిన చెరువంటే నెర్రెలు బారిన నేల, దాని నిండా కంపచెట్లు, వాటి మధ్య మేకలు. వాన పడిన రోజు మా నాయన చొక్కా విప్పేసి వీధిలో నిలబడి తడిసేవాడు. లోపలికి రమ్మని మా అమ్మ అరిచేది కానీ ఆమె ముఖంలో కోపం ఉండేది కాదు.

నేను డిప్లొమా చదివి, పరీక్ష రాసి, గ్రామ సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంట్ అయ్యాను. మా రెండు వైపుల బంధువుల్లోనూ ఫ్యాను కింద కూర్చుని పని చేసిన మొదటి మనిషిని నేనే. మా ఆయన మదనపల్లె టమోటా మార్కెట్లో ఒక మండీలో గుమస్తా. కాపురం మదనపల్లెలో, నా ఉద్యోగం పుంగనూరుకు అవతల ఒక పల్లెలో. పొద్దున్నే బస్సులో పుంగనూరు చేరి, అక్కడ తెలిసినవాళ్ల ఇంటి ముందర పెట్టిన నా స్కూటీ తీసుకుని ఊరికి పోయేదాన్ని. రోడ్లు, మురుగు కాలువలు, ఊరి చెరువు కట్ట, ఇవన్నీ నేను చూసుకోవలసినవి.

ఈ గుణం పట్టుకున్న ఏడు ఎండాకాలంలో మా అందరికీ మదనపల్లెలో విపత్తుల మీద శిక్షణ పెట్టారు. గోడ మీద దేశపటం వేసి చూపించారు. సముద్రం ఒడ్డంతా తుఫాను రంగు, హిమాలయాల కింద భూకంపాల రంగు, పెద్ద నదుల చుట్టూ వరద రంగు. మా వైపంతా పసుపుపచ్చగా ఉంది. కరువు రంగు. వెనక వరసలో ఎవరో, "మనకి వరద యాడిది సార్, నీళ్లుంటే కదా" అన్నారు. హాలంతా నవ్వింది. చెప్పే ఆయన కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. మధ్యాహ్నం భోజనానికి పెట్టిన పెరుగన్నం బాగుండింది. ఆ శిక్షణలో నాకు బాగా గుర్తున్నవి ఆ నవ్వు, ఆ పెరుగన్నం.

మా ఊరి చెరువు సంగతి కొంచెం చెప్పాలి. కట్ట పొడుగ్గా, తూర్పు నుంచి పడమరకు ఉంటుంది. కట్ట నడుమ తూము, పొలాలకు నీళ్లు వదిలేది. పడమటి కొసన మొరవ, అంటే చెరువు నిండితే మిగులు నీళ్లు వాటంతట అవే పొర్లిపోయే రాతి గట్టు. మొరవ దాటిన నీళ్లు ఒక కాలువలో పడి కిందికి పోయి వాగులో కలవాలి. ఇరవై ఏళ్లుగా ఆ మొరవ పారలేదు. పారని కాలువను ఎవరు గుర్తు పెట్టుకుంటారు? అటూ ఇటూ జరుగుతూ జరుగుతూ దాన్ని మనుషులు సన్నం చేశారు. కాలువ పక్కన ఆరు ఇళ్లు లేచాయి. ఒక పట్టుపురుగుల షెడ్డు కూడా లేచింది. కట్టకు సరిగ్గా దిగువన, ఒకప్పుడు వరి పండిన కయ్యల్లో, నలభై ఇళ్ల కాలనీ కట్టారు. నీళ్లు ఉన్నప్పుడు ఎవరూ అక్కడ ఇల్లు కట్టి ఉండరు. కరువు రోజుల్లో కట్టారు.

ఆ ఊళ్లో నన్ను మొదట్లోనే దగ్గరికి తీసినది ఒక ముసలామె. ఆమె భర్త ఆ చెరువుకు నీరుగంటి. ఎవరి పొలానికి ఎన్ని నీళ్లు వదలాలో చూసేవాడు. ఆయన పోయి చాలా ఏళ్లయినా ఆమె రోజూ పొద్దున ఒకసారి కట్ట మీద ఈ కొస నుంచి ఆ కొసకు నడిచేది. నేను ఆమెను అవ్వా అనేదాన్ని. ఆమె నన్ను పాపా అనేది. 

ఆ ఆగస్టులో మొరవ దగ్గరికి నన్ను చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది ఆమే. చెరువులో చేపలను వేలం పాటలో దక్కించుకున్న మనిషి, చేపలు పొర్లిపోకుండా మొరవ పొడుగునా ఇనుప గుంజలు నాటి, వాటికి వల బిగించి ఉన్నాడు. వల కింద మోకాటి ఎత్తున ఇసుక మూటలు, రాళ్లు పేర్చి ఉన్నాడు.

"ఇది సూడు పాపా. రేపు నీళ్లొస్తే యాడికి పోతాయి?"

"చెరువు సగం కూడా లేదు కదవ్వా."

"సగం లేదులే. నిండినప్పుడు తీస్తారా వీళ్లు? నీళ్లలో దిగి తీస్తారా?"

నేను ఆ చేపల మనిషికి ఫోన్ చేశాను. మర్యాదగానే మాట్లాడాడు. "నాల్రోజుల్లో తీసేస్తా మేడం" అన్నాడు. పది రోజుల తర్వాత మళ్లీ చేశాను. మళ్లీ నాల్రోజులన్నాడు. నెలాఖరుకు చెరువు తనిఖీ వివరాలు ఫోన్‌లో ఎక్కించాలి. కట్ట, తూము, మొరవ, మూడింటికీ ఫొటోలు. మొరవ ఫొటో తీయబోతే వల పడింది. వలతో ఫొటో పెడితే ఎందుకు, ఎవరు, ఏం చర్య తీసుకున్నారు అని ప్రశ్నలు వస్తాయి. జవాబులు నేనే రాయాలి. నేను రెండు అడుగులు పక్కకు జరిగి, ఒక వేపచెట్టు కొమ్మ అడ్డం వచ్చేటట్టు, రాతి గట్టు మాత్రం కనపడేటట్టు ఫొటో తీశాను. "మొరవ: బాగుంది" అన్న గడిలో టిక్కు పెట్టాను. బస్సుకు టైమయింది. పోయాను.

ఇంతే నేను చేసిన పని. ఎవరినీ కొట్టలేదు, ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. రెండు అడుగులు పక్కకు జరిగాను.

కార్తీక మాసంలో వాన పట్టుకుంది. మొదటి రోజు అందరూ సంతోషపడ్డారు. నేను బస్సులో వస్తుంటే కిటికీ పక్కనున్న ఆయన ఫోన్‌లో తన కొడుక్కు కుంటలు నిండుతున్న వీడియో చూపిస్తూ మురిసిపోయాడు. రెండో రోజు కూడా ఆగలేదు. మదనపల్లె మార్కెట్లో టమోటా బుట్టలు తడిసి, రోడ్డు మీద ఎర్రటి గుజ్జు పారిందని మా ఆయన చెప్పాడు. మూడో రోజు తెల్లవారుతుండగా నా ఫోన్ మోగింది. అవ్వ తనకు ఫోన్ చెయ్యడం రాక పక్కింటామె ఫోన్ నుంచి చేయించింది.

"పాపా, కట్ట కాడికి రా. ఇప్పుడే రా."

"ఏమైందవ్వా?"

"తూము పక్కన నీళ్లు కారతాండాయి. రాత్రి తేటగా కారినాయి. ఇప్పుడు ఎర్రగా కారతాండాయి."

తేటనీళ్లు కారితే చెరువు చెమ్మ అనుకోవచ్చు. ఎర్రనీళ్లు కారాయంటే ఆ నీళ్లు కట్ట లోపలి మట్టిని కోసుకుని వస్తున్నాయని అర్థం. నేను దీన్ని డిప్లొమాలో చదివాను. అవ్వ చదవలేదు, అంతే తేడా.

మొదటి బస్సు దొరికింది. పుంగనూరులో స్కూటీ తీసి ఊరు చేరేసరికి ఏడు కావస్తోంది. కట్ట ఎక్కి చూశాను. నేను అంత నీటిని ఆ చెరువులో ఎప్పుడూ చూడలేదు. నీళ్లు కట్ట అంచుకు రెండు మూరల కిందున్నాయి. మొరవ కంటే ఎత్తుగా ఉన్నాయి కానీ మొరవ పారడం లేదు. కంప, గడ్డి, ప్లాస్టిక్ సంచులు, ఎక్కడెక్కడి చెత్తా కొట్టుకొచ్చి వలకు అతుక్కుని, వల గోడ అయిపోయింది. పై కుంటలు తెగి, వాటి నీళ్లు కూడా వస్తున్నాయని ఎవరో చెప్పారు.

నా పై అధికారి, మా ఏఈ సారుకు ఫోన్ చేశాను. ఆయన ఉన్న వైపు రోడ్డు తెగింది. రాలేడు. అంతా విన్నాడు. "సూడమ్మా, నువ్వు ఆడ ఉండావు, నేను ఈడ ఉండాను. నీకు ఏది కనపడతాందో అది చెయ్యి. ముందు మనుషుల్ని లేపు" అన్నాడు.

కాలనీలో ఇంటింటికీ పోయాం. అవ్వ ఒక వైపు, నేను ఒక వైపు. లేచి వచ్చినవాళ్లు కొందరు. "ఇరవై ఏండ్లకు చెరువు నిండితే పారిపొమ్మంటావా మేడం?" అని నవ్వినవాళ్లు కొందరు. ఒకాయన కట్ట మీదికి సెల్ఫీ తీసుకోవడానికి బయలుదేరాడు. అవ్వ ఆయన చొక్కా పట్టుకుని తూము దగ్గరికి లాక్కుపోయి ఎర్రనీళ్లు చూపించింది. ఆయన తిరిగి వచ్చి తన పెండ్లాన్ని, తల్లిని బడి వైపు నడిపించాడు. ఆయన్ని చూసి మిగతావాళ్లు కదిలారు. బడి గట్టు మీద ఉంది. ఎనిమిదిన్నరకు కాలనీ దాదాపు ఖాళీ అయింది కానీ మంచంలో ఉన్న ఒక తాతను, గేదెలను, బియ్యం మూటలను ఇంకా మోస్తూనే ఉన్నారు.

వల తీయాలి. గడ్డపారలతో నలుగురు దిగబోయారు కానీ నీటి ఒత్తిడికి నిలవలేకపోయారు. ఊరి రోడ్డు పనికి వచ్చిన జేసీబీ ఒకటి బడి పక్కన ఉంది. దాని డ్రైవర్ను అడిగితే వచ్చాడు. మొరవ పక్కకు బండిని తెచ్చి, తొండాన్ని వల మీదికి చాపి, "ఏం మేడం, కొట్టేదా?" అన్నాడు.

అప్పుడు నేను వెనక్కి తిరిగి కాలువ వైపు చూశాను. అది అసలు కాలువలా లేదు. ఒక మనిషి చేతులు చాపితే అటూ ఇటూ అందేటంత సందు. మొరవకు పైన నిలిచిన నీళ్లన్నీ ఒక్కసారి ఆ సందులో పడితే ఆరు ఇళ్లలోకీ, షెడ్డులోకీ పోతాయి.

"ఆగన్నా, ఆ ఇండ్లకు చెప్పి వస్తా" అని పరుగెత్తాను.

ఆరు ఇళ్లవాళ్లూ అప్పటికే కాలనీ గోల విని మేలుకుని ఉన్నారు. చెప్పగానే పిల్లల్ని చంకన వేసుకుని గట్టెక్కారు. షెడ్డులో మాత్రం భార్యాభర్తలు ఇద్దరూ పనిలో ఉన్నారు. నేను వాళ్లను అన్నా, అక్కా అనేదాన్ని. ఎండలో ఆ దారిన పోతే నన్ను ఆపి మజ్జిగ ఇచ్చేవాళ్లు. ఆ రోజు పురుగులు నాలుగో జ్వరం, అంటే పొర విడిచే చివరి నిద్ర, లేచి, ఆకు బాగా తిని, గూడు కట్టడానికి ఇంకా మూడు రోజులున్నాయి. షెడ్డు నిండా వాటి నోటి చప్పుడు. బయట వాన చప్పుడు, లోపల ఆ చప్పుడు, రెండూ ఒకటే అనిపించాయి.

"అక్కా, మొరవ తెరుస్తాండారు. నీళ్లు ఈ పక్కకే వస్తాయి. బయటికి రండి."

ఆమె తల తిప్పి చూసింది. "ఇవన్నీ ఏం చేసేది?"

"వదిలేయండక్కా."

"నెల రోజులు కన్నబిడ్డల మాదిరి సాకినాం. వదిలేయమంటే ఎట్లా? మెరక మీద పై ఇంట్లో మా మరిదిది ఖాళీ గది ఉండాది. తట్టలు ఆడికి మోసుకుంటాం. టైమియ్యి."

"ఎంతసేపు?"

"అరగంట. ఒక్క అరగంట ఆపించు పాపా."

వాళ్లాయన ఏమీ మాట్లాడకుండా రెండు తట్టలు ఒకదాని మీద ఒకటి ఎత్తుకుని పరుగెత్తుతున్నాడు. "సరే. అరగంట ఆగుతాను. నేను చెప్పేదాకా కొట్టరు" అన్నాను. ఫోన్‌లో టైము చూసుకున్నాను. తొమ్మిదికి తొమ్మిది నిమిషాలు తక్కువ.

మొరవ దగ్గరికి వచ్చి నిలబడ్డాను. ఆ నిలబడటాన్ని నేను ఇంకా మరిచిపోలేదు. కాళ్లు ఒకచోట ఉండవు. మొరవ నుంచి తూము దగ్గరికి, తూము నుంచి మొరవకు. జేసీబీ డ్రైవర్ బీడీ ముట్టించుకుని, ఆర్పి, మళ్లీ ముట్టించుకున్నాడు. తూము దగ్గర కారుతున్న నీళ్లు నేను వచ్చినప్పుడు వేలంత ఉండేవి. ఇప్పుడు మణికట్టంత ఉన్నాయి. కాలనీ నుంచి ఆ తాతను మంచంతో సహా ఎత్తుకుని నలుగురు ఇప్పుడే వీధిలోకి వచ్చారు. ఇద్దరు ఆడవాళ్లు గేదె కోసం వెనక్కి పోతున్నారు.

కట్ట కింద నుంచి అవ్వ అరిచింది. "పాపా! మట్టి పెళ్లలు వస్తాండాయి! కొట్టించు! యాల నిలబడినావు?"

దిగి చూశాను. నీళ్లతో పాటు పిడికెడు పిడికెడు మట్టి గడ్డలు ఊడి వస్తున్నాయి. పైన కట్ట మీద సన్నగా, పొడుగ్గా ఒక పగులు. షెడ్డాయనకు ఫోన్ చేశాను. మోగింది, మోగింది, ఎత్తలేదు. తట్టలు మోసే మనిషి ఫోన్ ఎట్లా ఎత్తుతాడు? పక్కనున్న ఒకాయనను బండి మీద పొమ్మన్నాను. దారిలో బురదకు బండి కూరుకుపోయింది. ఆయన బండి వదిలి పరుగెత్తాడు. జేసీబీ హారన్ కొట్టమన్నాను. డ్రైవర్ వదలకుండా కొట్టాడు. ఆ వానలో అది ఎంత దూరం వినపడిందో తెలియదు. 

టైము చూశాను. పంతొమ్మిది నిమిషాలు అయింది.

"కొట్టన్నా" అన్నాను.

జేసీబీ తొండం మూడుసార్లు పడింది. మూడోసారికి గుంజలు వంగి, వల చిరిగి, మూటలు, రాళ్లు, చెత్త అన్నీ కలిసి పోయాయి. తర్వాత వచ్చిన శబ్దాన్ని నీళ్ల శబ్దం అని చెప్పలేను. లారీ నిండా కంకర ఒక్కసారి దింపినట్టు. నీళ్లు కాలువలో పట్టక, కాలువ రెండు పక్కలా ఉన్నదంతా కాలువ చేసుకుంటూ పోయాయి.

కట్ట నిలిచింది. గంటకు చెరువు మూర కిందికి దిగింది. తూము దగ్గర కారేది సన్నబడింది. మధ్యాహ్నానికి ఇసుక మూటలు వేసి దాన్ని అదుపు చేశారు. కాలనీలో ఒక్క ఇంట్లోకి కూడా నీళ్లు పోలేదు. తాత బడి వరండాలో కాఫీ తాగాడు.

కాలువ పక్కన ఆరు ఇళ్లలో నడుమెత్తున నీళ్లు నిలిచాయి. రెండు ఇళ్ల గోడలు పడ్డాయి. షెడ్డు వెనక గోడ పడింది. నేను పంపినాయన షెడ్డు పక్క గట్టు మీదికి చేరేలోపే నీళ్లు వచ్చేశాయి. అన్న అప్పుడు తట్టతో పై ఇంట్లో ఉన్నాడు. అక్క షెడ్డులో ఉంది. నీళ్లు ఆమెను కొట్టుకుపోయి, దిగువన మల్బరీ తోట కంచె దగ్గర తోశాయి. ఆ ముళ్లకంచెను పట్టుకునే ఆమె బతికింది. నలుగురు తాడు వేసి లాగారు. కుడిచెయ్యి విరిగింది. అరచేతుల నిండా ముళ్లు.

పురుగులు కంచె పొడుగునా, తోటలో, బురదలో, తెల్లగా ఉన్నాయి. కొన్ని ఇంకా కదులుతున్నాయి.

రెండు రోజుల తర్వాత పుంగనూరు ఆసుపత్రికి పోయాను. ఆమె కట్టుతో మంచం మీద కూర్చుని ఉంది. వాళ్లాయన నన్ను చూసి లేచి బయటికి పోయాడు. నేను రాసుకుని వచ్చినట్టుగా చెప్పడం మొదలుపెట్టాను. కట్ట పగిలింది, మట్టి గడ్డలు వచ్చాయి, తాత ఇంకా వీధిలోనే ఉన్నాడు, ఫోన్ చేశాను.

ఆమె అడ్డం వచ్చింది. "కాలనీలో నలభై ఇండ్లు ఉండాయని నాకు తెలీదా? మా పెద్దమ్మ ఇల్లు ఆడే ఉండాది. నేనైనా కొట్టించి ఉంటా. అది కాదు."

"మరేందక్కా?"

"అరగంట అన్నావే నువ్వు. నువ్వు అరగంట అనబట్టే నేను లోపల ఉంటిని. అనకపోతే తట్టలు ఆడ పడేసి వచ్చేసి ఉంటి."

ఆ రోజు నేను సరేనని ఉండకూడదు. నాకు తెలియని దాన్ని తెలిసినట్టు మాటిచ్చాను. ఆమె ముఖం చూసి కాదనలేక ఇచ్చాను.

నెల తర్వాత మదనపల్లెలో నాకు శాలువా కప్పారు. అప్రమత్తంగా ఉండి నలభై ఇళ్లను కాపాడిన ఉద్యోగి అని చదివారు. మా అమ్మ ముందు వరసలో కూర్చుని కొంగుతో కళ్లు తుడుచుకుంది. మా నాయన, నాతో పని చేసేవాళ్లందరికీ పేరుపేరునా నమస్కారం పెట్టాడు. నేను తల తిప్పి హాలు చూశాను. అది శిక్షణ ఇచ్చిన హాలే. ఆ రోజు అందరం నవ్వింది గుర్తొచ్చింది. తుఫాను రాని చోట, భూమి అదరని చోట మేం క్షేమంగా ఉన్నామనుకున్నాం. నీళ్లు లేనన్నాళ్లూ నీళ్ల దారిలో ఇళ్లు కట్టుకున్నాం, నీళ్ల నోటికి వల కట్టుకున్నాం, అంతా బాగుందని ఫొటోలు పెట్టుకున్నాం. ఈ దేశంలో ఎన్ని వేల చెరువులకు నాలాంటి ఒక మనిషి రెండు అడుగులు పక్కకు జరిగి ఉంటుందో అని లెక్కపెట్టబోయి ఆ రోజు నుంచి నాకు కుదురు పోయింది.

మరుసటి వారం నేను ఏఈ సారు దగ్గరికి పోయి, ఆగస్టులో వల చూశాననీ, అది కనపడకుండా ఫొటో తీశాననీ రాసి ఇచ్చాను. ఆయన కాగితం చదివి కళ్లద్దాలు తీశాడు.

"ఇప్పుడు ఇది యాలమ్మా? అయిపోయింది. నిన్ను ఎవురైనా అడిగినారా?"

"అడగలేదు సార్. అందుకే ఇస్తాండాను."

ఆయన మంచివాడు. కాగితాన్ని మూడు రోజులు బల్ల సొరుగులో పెట్టి, నేను వెనక్కి తీసుకుంటానేమో అని చూశాడు. తీసుకోలేదు. పైకి పంపాడు. మెమో వచ్చింది, జవాబిచ్చాను. ఇంటికాడ మా ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు, "చెప్పి చేసుంటే బాగుండేది. చేసింది మాత్రం తప్పు కాదులే" అన్నాడు. మరుసటి ఏడు కుప్పం వైపు బదిలీ చేశారు. శిక్షో, మామూలు బదిలీనో నాకు తెలియదు.

బదిలీకి ముందే అక్క దగ్గరికి మళ్లీ పోయాను. ఆమె పడిపోయిన షెడ్డు ముందర, ఎడమచేత్తో బురదలోంచి చంద్రికలు ఏరుతోంది. పురుగులు గూడు కట్టుకోవడానికి వదిలే అల్లిక తట్టలు అవి. సగం విరిగిపోయాయి. నేను ఫొటో సంగతి చెప్పాను. అంతా చెప్పాను. వేపకొమ్మ సంగతి కూడా.

ఆమె చేతిలో ఉన్న చంద్రికను విదిలించి పక్కన పెట్టింది.

"ఆగస్టులో తీసేసి ఉంటే?"

"నీళ్లు కొంచెం కొంచెంగా పారి ఉండేవక్కా. మీకు ముందే తెలిసేది. షెడ్డులోకి వచ్చేవే. ఇట్లా మాత్రం వచ్చేవి కాదు."

"ఊఁ" అంది. నేను లేవబోతే, "యాడికి పోతావు? వచ్చినదానివి ఆ బురద ఎత్తు. నాకు చెయ్యి రాదు" అంది.

చెప్పులు విప్పి దిగాను. సాయంత్రం దాకా ఎత్తాను. తర్వాత వరసగా నాలుగు ఆదివారాలు పోయాను. బురద ఎత్తాం, సున్నం కొట్టాం, బ్లీచింగు చల్లాం. వాళ్లాయన మొదటి రెండు ఆదివారాలు నన్ను చూడనట్టే ఉన్నాడు. మూడోసారి తాగడానికి నీళ్ల చెంబు తెచ్చి నా పక్కన పెట్టి పోయాడు. ఆ షెడ్డులో వాళ్లు మళ్లీ పురుగులు పెట్టలేదు. మల్బరీ ఆకును వేరే రైతులకు అమ్ముకుంటూ గడిపారు. కాలువను మాత్రం ఆ వేసవిలో వెడల్పు చేశారు. ఆరు ఇళ్లలో నాలుగింటివాళ్లు మెరకకు మారారు. రెండు ఇళ్లవాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు.

ఇప్పుడు కుప్పం వైపు నాకు మూడు చెరువులు. పక్కన రాతి క్వారీలు ఉన్నాయి. మందు పేల్చినప్పుడు కట్ట మీద నిలబడితే అరికాళ్లకు తెలుస్తుంది. నా తనిఖీ కాగితాల్లో "బాగుంది" కంటే "బాగలేదు" ఎక్కువ. ఫొటో తీసేటప్పుడు నేను పక్కకు జరగను. నేను వస్తే పని పెరుగుతుందని ఆఫీసులో అనుకుంటారు. అనుకోనీ. అయినా కుదురు రాలేదు. అన్నీ సరిగ్గా రాసిన రోజు కూడా రాదు. రాసినంత మాత్రాన కట్ట గట్టిపడదని తెలిసిపోయింది.

మొన్న చైత్రంలో అక్క ఫోన్ చేసింది. "కొత్త షెడ్డు కట్టాలనుకుంటాండాం. స్థలం చూసి చెప్పు" అంది. సెలవు పెట్టి పోయాను. చెరువుకు ఎగువన, రోడ్డు పక్కన, మెరక నేల. చూడటానికి ఏ భయమూ లేదు. అయినా నేను ఆ నేలంతా నడిచాను. ఎండలో ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పోయి, వంగి మట్టి చూసి, అవ్వను కూడా పిలిపించి అడిగాను. అవ్వ కర్రతో నేల మీద ఒక గీత గీసి, తన పెండ్లినాటికి ఇక్కడ ఒక చిన్న వంక ఉండేదని, దున్ని దున్ని పూడ్చేశారని చెప్పింది. 

అన్న, అక్క ఇద్దరూ నా వైపు చూశారు.

"ఈడ కడితే నీళ్లు రావు కదా?" అక్క అడిగింది. "ఖచ్చితంగా చెప్పు."

నోటి దాకా వచ్చిన మాట ఒకటి ఉంది. దాన్ని మింగాను.

"రావని నేను చెప్పలేనక్కా. అవ్వ గీసిన గీత నుంచి ఇరవై అడుగులు ఇటు జరపండి. పునాది రెండు అడుగులు లేపండి. వస్తే బయటికి రావడానికి ఎగువ వైపు ఇంకో తలుపు పెట్టుకోండి. నాకు తెలిసింది ఇంతే."

ఆమె వాళ్లాయన వైపు తిరిగి, "ఇరవై కాదు, ముప్పై జరుపుదాం" అంది. ఆయన గడ్డపార తీసుకుని అడుగులు కొలుస్తూ నడిచాడు. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. నేను ఒకసారి పైకి చూసి, గుర్తుకు నాటే గుంజ పట్టుకోవడానికి ఆయన వెనకే పోయాను.